సారథీ, తటస్థుడూ

సంస్కృతం నుంచి తెచ్చుకొని, అరిగిపోయేదాకా మనం వాడుకొన్న మాటల్లో సారథి ఒకటి, తటస్థుడు మరొకటి. సరథ శబ్దం నుంచి వచ్చినది సారథి. రథంలో తోడుగా ఉండేవాడని దాని మూలార్థం. ఇవాళ ప్రతి సభకూ, ప్రతి సంఘానికీ, ప్రతి పత్రికకూ ఒక సారథి ఉన్నాడు. రథం మాత్రం లేదు. తటమంటే ఒడ్డు. ఏటి ఒడ్డున నిలబడి ప్రవాహాన్ని చూసేవాడు తటస్థుడు. ఇప్పుడా మాటలో ఏరూ లేదు, ఒడ్డూ లేదు. ఏ పక్షానికీ చెందని పెద్దమనిషిని తటస్థుడంటున్నాము. ఐతే ఈ రెండు మాటలూ తమ తొలి అర్థాలతో, ప్రాణాలతో సహా, ఎదురెదురుగా నిలిచే తావు ఒకటి ఈ కాలంలో ఏర్పడింది. కాలిఫోర్నియాలోని సియెర్రా నెవాడా కొండల్లోనూ, యూటా రాష్ట్రపు ఎర్రరాతి మిట్టల మీదా, మొహావీ ఎడారి కనుమల్లోనూ మనుషులు జీపులతో బండలెక్కే తావు అది.

ఆ క్రీడను వారు రాక్ క్రాలింగ్ అంటారు. బండ పాకుడు అని తెనిగించుకోవచ్చు. మన భాషలో పాకుడు అంటే ప్రాకటమూ అవుతుంది, రాతి మీద కాలు జార్చే నాచూ అవుతుంది. ఈ క్రీడకు రెండర్థాలూ చక్కగా అతుకుతాయి.

దీని పుట్టుక చిత్రమైనది. రెండవ ప్రపంచ యుద్ధం కోసం తయారైన జీపు యుద్ధం ముగిశాక ఊళ్ళలోకి వచ్చింది. మన దేశంలో అది తాసీల్దారుల బండి అయింది, ఏజెన్సీ ప్రాంతాల అధికారుల బండి అయింది. జీపు వచ్చిందంటే ఊళ్ళో ఏదో జరగబోతున్నదని జనం అరుగుల మీదికి చేరేవారు. అమెరికాలో అదే జీపు వినోదమయింది. 1953 ఆగస్టులో కాలిఫోర్నియాలోని జార్జ్‌టౌన్ అనే చిన్న ఊరివారు 50కి పైగా జీపులతో రూబికాన్ అనే పాత కొండదారిన టాహో సరస్సు దిక్కుగా ఒక యాత్ర నడిపించారు. ఆ దారి నిడివి 22 మైళ్ళు. అందులో పెద్ద భాగాన్ని దారి అనటం మర్యాద కొద్దీ అనటమే. మంచం పరిమాణమున్న బండలు ఒకదానిపై ఒకటి పడి ఉన్న వాగు అది. ఆ యాత్ర నేటికీ సాగుతున్నది. 1967లో యూటా రాష్ట్రంలోని మోయాబ్ ఊరి వర్తక మండలి ఈస్టరు పండుగకు జీపు సఫారీ ప్రారంభించింది. 2007లో మొహావీ ఎడారిలోని జాన్సన్ వ్యాలీలో పదిమందికి పైబడిన మిత్రులు తమలో తాము పెట్టుకొన్న పందెం 'కింగ్ ఆఫ్ ది హ్యామర్స్' అనే పెద్ద పోటీగా పెరిగి, ఏటా వేలాది ప్రేక్షకులను ఆ ఎడారికి రప్పిస్తున్నది.

చూసేవారికి ఈ క్రీడలో మొదట కనబడేది నిదానం. అంత నిదానం మరే మోటారు క్రీడలోనూ లేదు. జీపు కంపెనీవారు 2018 నుంచి అమ్ముతున్న ర్యాంగ్లర్ రూబికాన్ బండిని ఉదాహరణకు తీసుకొందాము. చేతి గేరు ఉన్న రకంలో మొదటి గేరు నిష్పత్తి 5.13, దిగువ శ్రేణి గేరు పెట్టె నిష్పత్తి 4, ఇరుసు దగ్గర నిష్పత్తి 4.10. మూడింటినీ హెచ్చవేస్తే 84.1 వస్తుంది. అంటే ఇంజను 84 సార్లు తిరిగితే చక్రం ఒక్కసారి తిరుగుతుందన్నమాట. యుద్ధకాలపు విల్లీస్ జీపులో ఈ లెక్క 26 దాటలేదు. ఇంజను ఊరికే గురగురలాడుతూ నిమిషానికి 750 చుట్లు తిరుగుతూ ఉంటే, 33 అంగుళాల టైరున్న ఈ బండి నిమిషానికి సుమారు 23 మీటర్లు జరుగుతుంది. గంటకు కిలోమీటరున్నర కూడా కాదు. చేతికర్ర పట్టుకొని గుడికి పోయే ముసలమ్మ ఇంతకంటె త్వరగా పోతుంది.

ఈ నిదానమే సారథికి బలం. బండ మీద ఏ చక్రం ఎక్కడ ఆనుతున్నదో ఒళ్ళు తెలుసుకొనే వ్యవధి అతనికి దొరుకుతుంది. గాలి సగానికి తగ్గించిన టైరు రాతి అంచును అరచేయిలా పట్టుకొంటుంది. మామూలు బండిలో ఒక చక్రం గాలిలో లేస్తే ఇంజను శక్తి అంతా ఆ ఒట్టి చక్రాన్నే తిప్పుతుంది. ఈ బండ్లలో ఇరుసు రెండు కొసలనూ కలిపి బిగించే తాళం ఉంటుంది కనుక నేల మీద ఉన్న చక్రానికీ శక్తి అందుతుంది. చేయి తిరిగినవాడు కుడికాలితో ఆక్సిలరేటరునూ, ఎడమకాలితో బ్రేకునూ ఒక్కసారే అదుముతూ, వీణ మీద తంత్రిని బిగించి పట్టినట్లు బండిని బిగించి పట్టి నడుపుతాడు. వీలైనంత నిదానంగా, అవసరమైనంత వేగంగా అన్నది వారి సామెత. ఆ రెండవ సగాన్ని మాత్రమే గుర్తుంచుకొనేవారూ ఉన్నారు. చక్రం పట్టు తప్పి గిరగిర తిరుగుతూ ఉండగా ఇంకా ఇంకా తొక్కుతారు. రాళ్ళు వెనక్కు చిమ్ముతాయి. తిరుగుతున్న చక్రానికి హఠాత్తుగా పట్టు దొరికితే బండి ఎగిరి ముందుకు దూకుతుంది. లేదా ఇరుసు పుటుక్కున విరుగుతుంది. అప్పుడు పక్కన ఉన్నవాడి గతి ఏమిటన్నది ఆ తొక్కేవాడి ఆలోచనలో ఉండదు.

అసలు చెప్పవలసినది ఇక్కడున్నది. నిదానం చూసేవాణ్ణి మోసగిస్తుంది. వేగంగా వచ్చేదానికి భయపడాలని మన ఒళ్ళు పుట్టుకతో నేర్చుకొన్నది. పరుగెత్తే ఎద్దును చూస్తే పిల్లవాడు కూడా పక్కకు తప్పుకొంటాడు. నత్తలా జరిగే బండిని చూస్తే ఆ భయం కలగదు. అవసరమైతే ఒక అడుగు వెనక్కు వేయవచ్చుననే ధీమాతో ఇంకా దగ్గరికి జరుగుతాము. కాని ఆ బండి బరువు రెండు టన్నులు. అది మీటరు ఎత్తు అంచు మీద నుంచి పట్టు తప్పితే నేల తాకే సరికి దాని వేగం గంటకు 16 కిలోమీటర్లు. అందుకు పట్టే కాలం అర సెకను లోపు. భూమి ఆకర్షణకు గేరు పెట్టెతో నిమిత్తం లేదు. 84 అన్న నిష్పత్తి చక్రం రాతికి ఆనుకొని ఉన్నంతసేపే. అంతవరకు సారథి చెప్పినట్లు విన్న బండి ఆ అర సెకనులో ఎవరి మాటా వినదు. ఈ క్రీడలో ప్రమాదమంటే వేగం పెరగటం కాదు, నిదానం తెగిపోవటం.

సారథికి తన ఒంటి విషయంలోనూ కొన్ని నియమాలున్నాయి. బొటనవేళ్ళు స్టీరింగు చట్రం లోపలికి చుట్టి పట్టుకోరాదు. ముందు చక్రం రాతికి కొట్టుకొంటే స్టీరింగు విసురుగా తిరిగి వేలు విరుస్తుంది. బండి ఒరిగేటప్పుడు చేయి బయట పెట్టరాదు. పడబోయే మనిషి నేలకు చేయి ఆన్చటం సహజమే. కాని బండితో పాటు పడేవాడు చేయి ఆన్చితే ఆ చేతి మీదనే బండి పడుతుంది. అందుకే లోపల పట్టుకోవటానికి పట్టీలు ఉంటాయి, చుట్టూ ఇనుప గొట్టాల పంజరం ఉంటుంది. నిట్రమైన ఎక్కుడులో ఇంజను ఆగిపోతే క్లచ్చి తొక్కి బండిని జారవిడవరాదు. బ్రేకు పట్టి, వెనక గేరు వేసి, వచ్చిన దారినే నిటారుగా దిగాలి. వాలులో అడ్డంగా తిప్పబోతే బండి పీపాలా దొర్లుతుంది. ఇవన్నీ వాలు మీద బరువు నడిపినవారికి ఎక్కడైనా తెలిసిన సంగతులే. మన బండివాడు గట్టు దిగేటప్పుడు చక్రానికి రాయి అడ్డం వేసే మనిషిని పక్కన నడిపించుకొనేవాడు. ఆ మనిషి ఏ పక్క నడవాలో తండ్రి కొడుక్కు చెప్పి పంపేవాడు.

ఇక సారథి చూపు సంగతి. రథం నడిపేవాడికి అన్నీ కనబడతాయని అనుకొంటాము. నిజానికి బండ మీది బండిలో అందరికంటె తక్కువ కనబడేది అతనికే. ముందు భాగం పైకి లేచినప్పుడు అతనికి కనబడేది ఆకాశం, బండి మూత, అంతే. తన చక్రాలు అతనికి కనబడవు; బండి కడుపు కింద ఏ రాయి మొన తేలి ఉన్నదో కనబడదు. కనుక అతని కన్ను బండికి బయట, మరొకరి మొగాన ఉంటుంది. ఆ మనిషిని వారు స్పాటరు అంటారు. మనకు ఈ పాత్ర కొత్తది కాదు. ఇరుకు సందులో లారీ వెనక్కు వచ్చేటప్పుడు క్లీనరు దిగి, బల్లను అరచేత్తో చరుస్తూ "రానీ, రానీ, ఇంకా రానీ" అంటూ, కొసను "ఆఁ, చాలు" అని ఒక్క దెబ్బ గట్టిగా వేస్తాడు. డ్రైవరు అద్దం చూడడు, ఆ దెబ్బ వింటాడు. ఎంత విశ్వాసమది! కాని మన క్లీనరు తరచు లారీకీ గోడకూ నడుమ నిలబడి ఉంటాడు. బండలెక్కేవారు మొట్టమొదట నిషేధించేది ఆ చోటునే.

కాలిఫోర్నియాలో ఉద్యోగం చేసుకొంటున్న మా మేనల్లుడు ఇటువంటి బృందంతో రెండు మూడేళ్ళుగా తిరుగుతున్నాడు. కిందటి సెలవుల్లో వచ్చినప్పుడు చెప్పాడు: "మామయ్యా, అక్కడ నాకు మొదట నేర్పింది తోలటం కాదు, నిలబడటం." ఆ మాట నాకు బాగా నచ్చింది. వివరం అడిగాను. దారి చూపేవాడు బండికి ముందు, సారథికి తన రెండు చేతులూ కనబడే దూరంలో ఉండాలట. బండికీ బండకూ మధ్య దూరరాదు. బండి పల్లపు పక్కన ఎన్నడూ నిలబడరాదు. వెనక్కు అడుగులు వేస్తూ బండిని రప్పించుకోరాదు. వెనక్కు నడిచేవాడు పడతాడు, పడినవాడి మీదికి బండి వస్తుంది. కనుక ముందు తాను నడిచి చోటు చూసుకొని, నిలకడగా నిలబడి, ఆ తరువాతనే చేయి ఎత్తాలి. చూపుడు వేలు ఎటు చూపితే అటు తిప్పాలి. రెండు అరచేతుల నడుమ ఎంత ఎడముంటే అంతే జరగాలి. పిడికిలి బిగిస్తే ఆగాలి. అతను సారథి కంటి నుంచి తప్పిపోయినా బండి ఆగాలి. ఇంజను మోతలో మాట వినబడదు కనుక ఇదంతా మూగనాట్యమే.

అన్నిటికంటె పెద్ద నియమం, దారి చూపేవాడు ఒక్కడే ఉండటం. చుట్టూ చేరిన పదిమందీ తలా ఒక సలహా ఇస్తే సారథికి పిచ్చెత్తుతుంది. ఒకడు కుడికి అంటాడు, తన కుడి. మరొకడు కుడికి అంటాడు, సారథి కుడి. ఆ క్షణంలో చక్రం అంచు మీద ఉంటుంది. అందువల్ల చూపరులకు సలహా చెప్పే అధికారం లేదు. ఐతే ఒక్క మాటకు మాత్రం అందరికీ అధికారమున్నది. 'ఆపు' అని పసిపిల్లవాడు అరిచినా సారథి ఆపాలి. కారణం తరువాత అడగాలి. ఇంత మంచి రాజ్యాంగం చాలా సభలకు లేదు.

తరగతిలో కర్ణపర్వం చెప్పేటప్పుడు శల్యసారథ్యం దగ్గర విద్యార్థులకు ఎప్పుడూ ఒక సందేహం వస్తుంది. శల్యుడు రథం సరిగానే నడిపాడు గదా, కర్ణుడికి చేసిన అపకారమేమిటని. గుర్రాలను నడపటంలో శల్యుడికి లోపం లేదు. తనకు తోచినది తోచినట్లు మాట్లాడతానని షరతు పెట్టి పగ్గాలు పట్టినవాడు; మాటతోనే ఎదుటివాడి నిబ్బరం తీశాడు. రథంలో ఇద్దరుంటారు, ఒకడి కన్ను మరొకడికి ఆసరా కావాలి. కర్ణుడి రథంలో అది లేదు. చివరకు చక్రం నేలలో దిగబడినప్పుడు యోధుడే ఆయుధం విడిచి, దిగి, భుజం పట్టవలసి వచ్చింది. శాపకారణాలు వేరే ఉన్నాయి, అవి కథకు అవసరం. కాని దిగబడిన చక్రం దగ్గర ఒంటరిగా, యుద్ధం నడుమ, వంగి నిలబడిన మనిషి బొమ్మ మాత్రం ఈ బండలెక్కేవారి పాఠాలు వింటున్నప్పుడల్లా నా మనస్సులో మెదులుతూనే ఉన్నది. దిగబడిన బండి దగ్గరకు ఎవరు, ఎప్పుడు, ఏ పక్క నుంచి పోవాలన్నదే వారి శాస్త్రంలో సగం.

ఆ శాస్త్రం మన ఒక మంచి గుణానికి ఎదురు వెళుతుంది. పల్లెటూళ్ళలో బురదలో దిగబడిన బండి కనబడితే దారిన పోయేవాడు చెప్పులు విడిచి భుజం పడతాడు. పిలవనక్కరలేదు. ఎవరి బండి అని అడగడు. ఒరుగుతున్న గడ్డిబండికి నలుగురు చేతులు ఆన్చి నిలబెట్టటం నేనూ చూశాను. ఎద్దుల బండి బరువుకు నలుగురి చేతులు చాలవచ్చు. ఆ అలవాటే చేతుల్లో ఉండగా రెండు టన్నుల ఇనుము ఒరుగుతున్నది చూస్తే ఏమవుతుంది? చేతులు వాటంతట అవే లేస్తాయి. ఏ దేశంవాడికైనా లేస్తాయి. మిత్రుడు లోపల ఉన్నాడు, బండి వాలుతున్నది, పక్కన నిలబడినవాడు పరుగున పోయి పల్లపు వైపు చేరి రెండు చేతులతో తోస్తాడు. బండికి అతని బలం ఒక లెక్క కాదు. లోపల ఉన్నవాడికి చుట్టూ ఇనుప పంజరమున్నది, నడుముకు పట్టీ ఉన్నది, పడినా బతికే అవకాశం మెండు. బయట నుంచి తోసినవాడికి ఏమీ లేదు. కనుక బృందంలో చేరిన ప్రతివాడికీ మొదటి రోజునే చెబుతారట: పడబోయే బండిని పడనీయండి. వినటానికి ఎంత కఠినమైన మాట! మా మేనల్లుడు మొదటిసారి అది విన్నప్పుడు వీరికి హృదయమున్నదా అనుకొన్నాడట. బండి పూర్తిగా పడి, కదలిక ఆగి, ఇంజను ఆపిన తరువాత, ఇక దొర్లదని చూసుకొని, మిట్ట పక్క నుంచి దగ్గరికి పోవాలి. ఆ అరనిమిషం చేతులు కట్టుకొని నిలబడటం తోలటంకంటె కష్టమని అతని అనుభవం.

ఇరుక్కొన్న బండిని లాగే తాడు మరొక గండం. బండి ముందు వించి అనే చక్రయంత్రం ఉంటుంది. దాని ఉక్కుతాడు కొసను చెట్టుకో, బండకో, మరొక బండికో తగిలించి లాగుకొంటారు. బిగిసిన తాడు నిశ్చలంగా కనబడుతుంది; ఎక్కుపెట్టిన వింటి నారి కూడా నిశ్చలంగానే కనబడుతుంది. తెగితే కొరడాలా వెనక్కు కొడుతుంది. అందుకని తాడు నడుమ ఒక బరువైన గుడ్డ కప్పుతారు. తెగినా నేలకు వాలుతుందని. ఈ మధ్య ఉక్కుకు బదులు కృత్రిమమైన నారతో పేనిన తాళ్ళు వచ్చాయి. అవి తేలిక, తెగినప్పుడు విసురు తక్కువ. విసురు తక్కువ అంటే లేదని కాదు. బిగిసిన తాడు మీదుగా దాటరాదు. తాడు చాచిన పొడవుకంటె దగ్గరగా చూపరులు ఉండరాదు. ఒకటిన్నర రెట్లు దూరమైతే మరీ మంచిది. తాడుకు సూటిగా, ముందైనా వెనకైనా, ఉండనే రాదు. తాడుకంటె ఘోరమైనది తాడు తగిలించిన చోటు ఊడిరావటం. బండి వెనక ట్రెయిలరు తగిలించే ఇనుప గుండు ఒకటుంటుంది. చూడటానికి బలంగా ఉంటుంది కనుక తెలియనివారు దానికే పట్టీ చుట్టి లాగిస్తారు. అది విరిగితే ఫిరంగి గుండు. అద్దాలు చీల్చుకొని పోయి ప్రాణాలు తీసిన సందర్భాలున్నాయి. లాగటానికి బండి చట్రానికే బిగించిన కొక్కేలు వేరుగా ఉంటాయి, వాటినే వాడాలి.

ఇక తటస్థుల మాట. బృందంతో పోయేవాడికి నేర్పేవారుంటారు. చూడవచ్చినవాడికి నేర్పేదెవరు? టిక్కెట్టు కొన్నవాడు, కొననివాడు, పిల్లల్ని భుజాన ఎక్కించుకొని వచ్చినవాడు, అందరూ ప్రేక్షకులే. ఒడ్డున నిలబడ్డామనే నమ్మకం వారిది. ఏరు పొంగినప్పుడు ఒడ్డు ఎక్కడుంటుందో అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

జాన్సన్ వ్యాలీ పేరు పైన చెప్పాను. 2010 ఆగస్టు 14న సాయంకాలం అక్కడ కాలిఫోర్నియా 200 అనే ఎడారి పందెం ఆరంభమయింది. అది బండలెక్కే పోటీ కాదు, 200 మైళ్ళ వేగపు పందెం. కాని నేల అదే, చూడవచ్చే జనమూ ఇంచుమించు ఆ జాతివారే. రాక్‌పైల్ అనే మిట్ట దగ్గర బండ్లు గాలిలోకి ఎగురుతాయి. ఆ ఎగురుడు చూడటానికే జనం అక్కడ గుమిగూడారు. అడ్డుకంచె లేదు. దారికి కొన్ని అడుగుల దూరంలోనే నిలబడ్డారు. ఒక బండి మిట్ట ఎక్కి ఎగిరి, దిగటంలో అదుపు తప్పి, దొర్లుతూ వారి మీదికి వచ్చింది. 8 మంది మరణించారు. ఇంకా ఎందరో గాయపడ్డారు. ఆ భూమి అక్కడి కేంద్ర ప్రభుత్వపు బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ ఆధీనంలోనిది. పందేనికి అనుమతి ఇచ్చినదీ వారే. జనాన్ని దూరంగా ఉంచటానికి వారికి నియమాలున్నాయి. ఆ నియమాలను తాము పాటించలేదని ఆ తరువాత వారి విచారణలోనే తేలింది. కాగితం మీద కంచె ఉన్నది, ఇసుకలో లేదు.

దీనిలో తప్పెవరిదని ఆ రోజుల్లో అక్కడి పత్రికల్లో పెద్ద చర్చ జరిగింది. దగ్గరగా నిలబడటం జనం తప్పన్నారు కొందరు. వాదం పైకి సమంజసంగానే కనబడుతుంది. కాని నా మనస్సు ఒప్పుకోలేదు. 1986లో పోర్చుగల్ ర్యాలీలో సింట్రా దగ్గర కారు జనంలోకి దూసుకుపోయి ముగ్గురు మరణించి, ముప్ఫైమందికి పైగా గాయపడినప్పుడూ ఈ మాటే అన్నారు. అప్పటి జనం మరీ విడ్డూరం; కార్లు వచ్చే దారి నడుమ నిలబడి, వస్తుంటే విడిపోయి, పోతున్న కారును చేత్తో తాకటం గొప్పగా భావించేవారట. మూర్ఖత్వమే, సందేహం లేదు. ఐతే గుంపులో ఉన్న మనిషి తన కళ్ళతో దూరం కొలవడు. పక్కవాడు ఎక్కడున్నాడో చూసి కొలుస్తాడు. పక్కవాడు ఒక అడుగు ముందుంటే, ఆ అడుగు క్షేమమని తీర్మానించుకొంటాడు. ఇప్పుడు చేతిలో ఫోను కూడా వచ్చింది. దానిలో చూస్తే బండి చిన్నదిగా, దూరంగా, ఎక్కడో జరుగుతున్న కథలోని వస్తువులా కనబడుతుంది. చిత్రం తీస్తున్నవాడు తానూ అదే బండ మీద ఉన్నానని మరచిపోతాడు.

నిదానంగా కదిలే బరువు, చుట్టూ జనం, ఈ పొత్తు మనకు తెలియనిది కాదు. మన రథోత్సవాలు అటువంటివే. జగన్నాథుడి రథం పేరు ఇంగ్లీషులోకి పోయి, జగర్నాట్ అన్న రూపంలో, ఎదురైన దానినల్లా నలిపివేసే శక్తికి పర్యాయపదమయింది. ఆ అర్థంలో విదేశ యాత్రికుల అతిశయోక్తి కొంత ఉన్నమాట నిజమే. కాని చక్రాల పక్కన కొయ్య దిమ్మలు పట్టుకొని నడిచేవారిని చూడండి. రథాన్ని నడిపేది వేలమంది లాగే తాళ్ళని అందరూ అనుకొంటారు. ఆపేదీ, మలిపేదీ ఆ నలుగురైదుగురి దిమ్మలే. వారు చక్రానికి అంగుళం దూరంలో పని చేస్తారు, తరతరాలుగా నేర్చినవారు కనుక. వారి పక్కనే భక్తితో చేరే కొత్తవాడికి ఆ నేర్పు లేదు, చోటు మాత్రం అదే. కాలిఫోర్నియా బండల మీదా ప్రమాదం ఈ రూపంలోనే వస్తున్నది.

బండలెక్కే పోటీల్లో తలపండినవారు చూపరులకు చెప్పే మాటలు కొద్దివి. బండికి మిట్ట వైపున ఉండండి. బండి దొర్లితే ఎటు పోతుందో, అది తన్నిన రాయి ఎటు పోతుందో ముందు చూసి, ఆ వాలులో కూర్చోకండి. వెనక బండో, గోడో ఉన్నచోట నిలబడకండి. తప్పుకొనే దారి వెనక ఉండాలి. పిల్లల్ని చేయి పట్టుకొని ఉంచండి, వదలి పట్టుకోవచ్చుననుకోకండి. జాన్సన్ వ్యాలీ కనుమల్లో జనం ఇప్పటికీ బండల మీద, బండ్లకు చేరువలోనే కూర్చొంటారు. ఆ సామీప్యమే ఈ క్రీడకు ఆకర్షణ. దానిని పూర్తిగా తీసివేస్తే చూడవచ్చేవాడు ఉండడు. ఎంత దగ్గర అన్నదానిపై నిర్వాహకులకూ చూపరులకూ పేచీ ఏటా ఉండనే ఉంటుంది.

పోటీల మాట అటుంచి, చిన్న బృందాలు తమంతట తాము ఏర్పరచుకొన్న పద్ధతులే నాకు ఎక్కువ నచ్చాయి. గట్టి చోటు ఎదురైనప్పుడు మా మేనల్లుడి బృందంలో అన్ని బండ్లూ ఆగుతాయి. అందరూ దిగి ఆ చోటును కాలినడకన చూసి వస్తారు. దారి చూపేది ఎవరో నిర్ణయమవుతుంది. మిగిలినవారు మిట్ట మీదికి ఎక్కుతారు. అప్పుడు సారథి స్టీరింగు మీద చేయి వేయక ముందే తల బయట పెట్టి, పైనున్నవారిని వేలితో చూపుతూ పైకి వినబడేలా లెక్కపెడతాడు. ఎనిమిది మంది ఉండవలసిన చోట ఏడుగురే కనబడితే, ఆ ఎనిమిదవ మనిషి ఏ బండ చాటు నుంచో చేయి ఊపేదాకా ఇంజను ఆపి ఉంచుతాడు.